ఏడవ స్థానము

ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్‌లో రెండవ శ్రేణికి ఛాంపియన్‌షిప్ అని పేరు. ఆ పేరు వినగానే అదే అగ్రపీఠమని ఎవరైనా భ్రమపడతారు. దానిపైన ప్రీమియర్ లీగ్ ఉన్నదని తెలియడానికి కొంత కాలం పడుతుంది. మన సభలలో ప్రతి వక్తకూ ముందు తగిలించే "మహాకవి" బిరుదము వంటిదే ఇదీను. ఇరవై నాలుగు జట్లు, ఒక్కొక్క జట్టుకు 46 ఆటలు, ఆగస్టు నుండి మే దాకా తొమ్మిది నెలల యజ్ఞం. నేను చెప్పబోయే సంవత్సరాలలో నియమం ఇది: మొదటి రెండు జట్లు నేరుగా పైశ్రేణికి పోతాయి. మూడు నుండి ఆరు దాకా నిలిచిన నాలుగు జట్లు తమలో తాము మళ్ళీ పోరాడి, గెలిచిన ఒక్క జట్టు పైకి పోతుంది. చివరి మూడు జట్లు కిందికి జారిపోతాయి. అంటే ఏడవ స్థానానికి ఏమీ లేదు. శిక్ష లేదు, ఫలమూ లేదు. తొమ్మిది నెలలు పరిగెత్తి గుమ్మం దాకా వచ్చినవానికి తలుపు మూసిన చప్పుడు మాత్రం వినబడుతుంది.

బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే క్లబ్బు 2022-23లో ఏడవ స్థానంలో ఆగిపోయింది. మళ్ళీ 2024-25లోనూ ఏడవ స్థానంలోనే ఆగిపోయింది. సికింద్రాబాదులో కూర్చున్న ఒక విశ్రాంత తెలుగు పండితునికి లాంకషైర్ జట్టు గోడు ఎందుకని చదువరులు అడుగవచ్చును. కారణం ఉన్నది. ఆ క్లబ్బు యజమానులు వెంకటేశ్వర హేచరీస్ వారు. 1971లో మన హైదరాబాదులో పుట్టి, తరువాత పూనాకు కేంద్రాన్ని మార్చుకొన్న కోళ్ళ పరిశ్రమ అది. స్థాపకులు బండా వాసుదేవరావు గారు. ఉదయాన్నే పత్రికలో గుడ్డు ధర చూసుకొనే ప్రతి చిల్లర దుకాణదారుకూ "నెక్ రేటు" అన్న మాట తెలుసు. 1982లో ఏర్పడిన ఆ గుడ్ల సమన్వయ సంఘం వెనుక ఉన్న చేయి కూడా ఆయనదే. దళారి చెప్పిన ధరకు గుడ్లు అమ్ముకొనే రైతులను ఒక్కచోటికి చేర్చి, ధరను వారే నిర్ణయించుకొనేటట్లు చేసిన మనిషి. ఆయన 1996లో కాలం చేశారు. 2010 నవంబరులో ఆయన సంతానం, దాదాపు రెండు కోట్ల ముప్పై లక్షల పౌండ్లకు, ఈ ఇంగ్లీషు క్లబ్బును కొన్నారు.

అప్పటి నుండి మనవారిలో రెండు రకాల మాటలు వింటున్నాను. మొదటిది గర్వం. "మనల నేలిన దొరల క్లబ్బును మనవాళ్ళు కొన్నారు మాస్టారూ" అని మాంచెస్టరులో ఉద్యోగం చేసే నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో మురిసిపోయాడు. రెండవది సిగ్గు. అదే విద్యార్థి రెండేళ్ళ తరువాత, "ఆఫీసులో తల ఎత్తుకోలేకపోతున్నానండీ, మనవాళ్ళు ఆ ఊరి పరువు తీశారు" అన్నాడు. గర్వమూ సిగ్గూ రెండూ ఒకే మాట మీద నిలబడి ఉన్నాయి. ఆ మాట "మన". ఈ టపాలో నా వాదమంతా ఆ రెండక్షరాల మీదనే.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. లక్షా పాతికవేలకు అటూ ఇటూగా జనం ఉండే పట్టణం బ్లాక్‌బర్న్. ఒకప్పుడు ప్రపంచంలో పేరుమోసిన నేత పట్టణం. అక్కడి మగ్గాలు నేసినదేమిటో తెలిస్తే మీరు విస్తుపోతారు. ధోవతులు! భారతదేశపు బజారు కోసం, మన నడుముకు చుట్టుకొనే పంచెల కోసం, వానలు కురిసే ఆ ఉత్తర ఇంగ్లండు లోయలో వేలాది ఆవిరి మగ్గాలు ఆడేవి. వాటి లెక్కపుస్తకాలలో ఆ సరుకుకు "ధూటీలు" అనే పేరు. మన ధోవతి అక్కడికి పోయి యాస మార్చుకొన్నది. ఆ మిల్లుగుడ్డ దెబ్బకు మన సాలెల మగ్గాలు మూలబడ్డ కథ మనకు తెలిసినదే. స్వదేశీ ఉద్యమం వచ్చి మనం మిల్లుగుడ్డ మానేసినప్పుడు అక్కడి కార్మికుల కడుపు కాలిన కథ మాత్రం మనం ఎక్కువ చెప్పుకోము. 1931 సెప్టెంబరులో గాంధీజీ వారిని చూడడానికి బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్ళారు. ఆయన వలన పని పోగొట్టుకొన్నామని అనుకోదగిన మిల్లు ఆడవాళ్ళే ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టిన ఛాయాచిత్రం ప్రసిద్ధం. ఆయన పంచె కట్టులోనే ఉన్నారు. అది బ్లాక్‌బర్న్ పంచె కాదని ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

ఆ మిల్లు కార్మికులు ఆదివారం గుడికి పోతే శనివారం ఫుట్‌బాల్‌కు పోయేవారు. రోవర్స్ 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగును స్థాపించిన పన్నెండు క్లబ్బులలో అదొకటి. అదే ఊరిలోని మరొక జట్టు బ్లాక్‌బర్న్ ఒలింపిక్ 1883లో ఎఫ్.ఏ. కప్పు గెలిచి, దొరబాబుల బడులలో చదువుకొన్న పెద్దింటి ఆటగాళ్ళ చేతిలో నుండి ఆ కప్పును మొదటిసారి కార్మికుల చేతికి తెచ్చింది. తరువాతి మూడేళ్ళూ రోవర్స్ గెలిచింది. క్లబ్బు చిహ్నం మీద లాటిను ధ్యేయవాక్యం ఉంటుంది: ఆర్తే ఎత్ లబోరే. నేర్పుతో, శ్రమతో అని అర్థం. నేత పనికి ఇంతకంటె మంచి నిర్వచనం నాకు తెలియదు.

ఆ ఊరివాడే జాక్ వాకర్ ఉక్కు వ్యాపారంలో సంపాదించిన ధనమంతా తెచ్చి చిన్ననాటి క్లబ్బులో పోశాడు. 1995 మే 14న రోవర్స్ ప్రీమియర్ లీగ్ విజేత అయింది. చివరి ఆటలో లివర్‌పూల్‌తో ఓడి కూడా విజేత కావడం ఒక వింత. వెనుక ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ అదే సమయంలో గెలవలేకపోయింది. వాకర్ 2000లో పోయాడు. పదేళ్ళు ఆయన కుటుంబపు ధర్మనిధి క్లబ్బును మోసింది. ఆ పైన మన కథ.

కొన్న నెల తిరగకుండానే, 2010 డిసెంబరులో, కొత్త యజమానులు శామ్ అల్లర్‌డైస్ అనే అనుభవజ్ఞుడైన మేనేజరును తీసివేశారు. జట్టు అప్పుడు పదమూడవ స్థానంలో ఉన్నది. ఆటగాళ్ళు కోడికాళ్ళు కొరికే ఒక టీవీ ప్రకటన కూడా వచ్చింది. ప్రకటనలో తప్పేమీ లేదు. కోళ్ళ వ్యాపారి కోడిమాంసం అమ్ముకోక కవిత్వం అమ్ముతాడా? కాని ఆ ఊరివాళ్ళకు తమ క్లబ్బు ఒక పొట్లం మీది బొమ్మ అయిపోయిందని తోచింది. 2012 మే 7న సొంత మైదానంలో విగన్‌తో ఒక్క గోలు తేడాతో ఓడి రోవర్స్ రెండవ శ్రేణికి దిగిపోయింది. ఆనాడు అభిమానులెవరో క్లబ్బు జెండా చుట్టిన ఒక కోడిని మైదానంలోకి వదిలారు. మన దేశంలో కోడిపందెం కోసం ఒక శాస్త్రమే రాసిపెట్టుకొన్నాము. అందులో నక్షత్రాన్ని బట్టి కోడి రంగును ఎన్నుకొనే లెక్కలు ఉంటాయి. జెండా కప్పుకొని ఒంటరిగా పచ్చిక మీద తిరిగే కోడికి ఏ నక్షత్రం సరిపోతుందో ఆ శాస్త్రకారుడు చెప్పలేదు.

దిగిపోయిన తరువాతి ఏడు, 2012-13లో, మేనేజరు కుర్చీ తిరుగుడుబల్ల అయింది. హెన్నింగ్ బెర్గ్ 57 దినాలు ఉన్నాడు. మైకేల్ ఆపిల్టన్ 67 దినాలు. ఒక బడిలో ఒకే ఏడాదిలో ఇంతమంది ప్రధానోపాధ్యాయులు మారితే పిల్లల చదువు ఏమవుతుందో ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పిన నాకు ఎవరూ వివరించనక్కరలేదు. 2017లో మూడవ శ్రేణికి కూడా జారింది. ఆ పతనం జరిగిన తేదీ కూడా మే 7. చివరి ఆటలో బ్రెంట్‌ఫర్డ్ మీద 3-1తో గెలిచింది. నాటింగ్‌హామ్ ఫారెస్టుతో సమానంగా 51 పాయింట్లు తెచ్చుకొన్నది. అయినా చేసిన, ఇచ్చిన గోల్స్ తేడా లెక్కలో వెనుకబడి దిగిపోయింది. (గోలుకు బహువచనం మన వ్యాకరణం ప్రకారం గోళ్ళు కావలెను. అలా రాస్తే క్షురకుని దుకాణం గుర్తుకు వస్తుంది కనుక "గోల్స్" అనే ఉంచుతున్నాను. పండితులు మన్నింతురు గాక.) మరుసటి ఏడే టోనీ మోబ్రే అనే స్థిమితం గల మేనేజరు జట్టును తిరిగి రెండవ శ్రేణికి ఎక్కించాడు.

ఇక నేను శ్రద్ధగా అనుసరించిన సంవత్సరం 2022-23. డెన్మార్కు దేశస్థుడు యోన్ డాల్ టోమాసన్ మేనేజరుగా వచ్చాడు. ఆ ఏడాది మొదటి సగంలో ఆ జట్టుకు ఒక విచిత్ర లక్షణం ఉండేది. గెలుపైనా గెలిచేది, ఓటమైనా ఓడేది, సరిసమానం అన్నది చాలాకాలం దాకా లేనే లేదు. మధ్యేమార్గం తెలియని యువకుల స్వభావం అది. అయినా పై ఆరు స్థానాల చుట్టూనే తిరిగింది. జనవరి ఆఖరుకు జట్టును బలపరచుకొనే అవకాశం వస్తుంది, ఆటగాళ్ళ బదిలీలకు అదే గడువు. నాటింగ్‌హామ్ ఫారెస్టు నుండి లూయిస్ ఓబ్రయన్ అనే మధ్యరంగపు ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి అన్నీ కుదిరాయి. 2023 జనవరి 31 రాత్రి గడువు దాటిన తరువాత కాగితాలు చేరాయి. లీగు వారు ఒప్పుకోలేదు. ఆటగాడు రాలేదు.

ఒక్క ఆటగాడు వస్తే ఏమవుతుందని అనవచ్చును. ఏమవుతుందో ఆ ఏడాది చివరి రోజు చెప్పింది. 2023 మే 8న రోవర్స్ లండనులో మిల్‌వాల్ మైదానానికి వెళ్ళింది. విరామ సమయానికి 3-1తో వెనుకబడి ఉన్నది. రెండవ సగంలో మూడు గోల్స్ చేసి 4-3తో గెలిచింది. మిల్‌వాల్ ఆశను చంపింది. తన ఆశను మాత్రం బ్రతికించుకోలేకపోయింది. అదే సమయంలో ప్రెస్టన్‌లో సండర్‌ల్యాండ్ 3-0తో గెలిచింది. ఇద్దరికీ 69 పాయింట్లు. సండర్‌ల్యాండ్ చేసిన గోల్స్ ఇచ్చిన వాటికంటె పదమూడు ఎక్కువ. రోవర్స్ 52 చేసి 54 ఇచ్చింది, అంటే రెండు తక్కువ. ఆరవ స్థానం సండర్‌ల్యాండ్‌ది, ఏడవ స్థానం రోవర్స్‌ది. 46 ఆటలలో ఇంకొక్కచోట, ఓడిన ఒక్క ఆట సమానమై ఉంటే 70 పాయింట్లు వచ్చి ఉండేవి. ఒక్క పాయింటు. నలభై రెండు నిమిషాల పాఠాన్ని వెయ్యిసార్లు చెప్పినవానికి, నిమిషం విలువ ఏమిటో తెలుస్తుంది. గడువు తెలిసిన కాగితాన్ని గడువులోపల పంపలేకపోవడం నా దృష్టిలో దురదృష్టం కాదు, అశ్రద్ధ.

అశ్రద్ధ అని ఎందుకు నిక్కచ్చిగా అంటున్నానంటే, సరిగా ఏడాది తరువాత మళ్ళీ అదే జరిగింది. 2024 ఫిబ్రవరి మొదటి తేదీన అమెరికా నుండి డంకన్ మెక్‌గ్వైర్ అనే ముందువరుస ఆటగాడు సముద్రం దాటి వచ్చాడు. మళ్ళీ కాగితాలలో పొరపాటు. మళ్ళీ ఆటగాడు తిరిగి వెళ్ళిపోయాడు. అదే గడువు రోజుల్లో బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, చిన్ననాటి నుండి ఆ క్లబ్బు బడిలోనే ఆట నేర్చిన ఆడమ్ వార్టన్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మివేశారు. దాదాపు కోటీ ఎనభై లక్షల పౌండ్లు వచ్చాయట. పోయేవాని కాగితాలు మాత్రం సకాలంలోనే చేరాయి! వార్టన్ అదే వేసవిలో ఇంగ్లండు జాతీయ జట్టుతో యూరో పోటీలకు వెళ్ళాడు. 2025 మేలో ప్యాలెస్ ఎఫ్.ఏ. కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 2023-24లో 27 గోల్స్ కొట్టి ఆ శ్రేణికంతటికీ మొదటివాడైన సామీ స్మోడిక్స్‌ను కూడా ఆగస్టులో అమ్మారు. అన్ని గోల్స్ కొట్టినవాడు ఉండి కూడా ఆ ఏడు జట్టు పంతొమ్మిదవ స్థానంలో, చివరి రోజున లెస్టర్ మీద గెలిచి బ్రతికి బయటపడింది.

2024-25లో జాన్ యూస్టస్ చేతిలో జట్టు మళ్ళీ నిలదొక్కుకొన్నది. 2025 ఫిబ్రవరిలో, జట్టు ప్లే-ఆఫ్ స్థానాలలో ఉండగా, ఆయన వదిలిపెట్టి వెళ్ళిపోయాడు. ఎక్కడికి? కింద జారిపోయే ప్రమాదంలో ఉన్న డార్బీకి. పండు తినబోయే చెట్టు దిగి ఎండిన చెట్టు ఎక్కినవాణ్ణి చూస్తే ఆ పండు చెట్టు కింద ఏముందో మనం ఆలోచించాలి కదా. ఆ తరువాత వాలెరియన్ ఇస్మాయెల్ వచ్చాడు. మొదట తడబడి చివర పుంజుకొన్నారు. 66 పాయింట్లు. ఆరవ స్థానపు బ్రిస్టల్ సిటీకి 68. మళ్ళీ ఏడు.

ఇప్పుడు యజమానుల పక్షం కూడా చెప్పకపోతే అధర్మం. ఈ క్లబ్బు మీద వారు ఇరవై కోట్ల పౌండ్లకు పైగా పెట్టారన్నది పత్రికలలో పలుమార్లు వచ్చిన లెక్క. రెండవ శ్రేణిలో ఏ క్లబ్బూ టిక్కెట్ల డబ్బుతో జీతాలు ఇవ్వలేదు. ఏటేటా యజమాని పూడ్చకపోతే కూలిపోతుంది. అదే ప్రాంతంలోని బెరీ అనే క్లబ్బును, అదీ పంతొమ్మిదవ శతాబ్దంలో పుట్టినదే, 2019 ఆగస్టులో అప్పుల కారణంగా లీగు నుండి వెలివేశారు. బ్లాక్‌బర్న్‌కు ఆ గతి పట్టలేదు. ఇటీవలి ఏండ్లలో భారతదేశం నుండి అక్కడికి డబ్బు పంపడానికి యజమానులు ఢిల్లీ హైకోర్టు అనుమతి కోసం నిలబడవలసి వచ్చింది. ఆ వ్యాజ్యపు మంచిచెడ్డలు న్యాయస్థానం చూసుకొంటుంది, నేను తీర్పరిని కాను. నేను చూసేది దాని ఫలితం. లాంకషైర్‌లో ఒక కుర్రవాడు అమ్ముడుపోవాలా వద్దా అన్నది ఢిల్లీలో ఒక వాయిదా తేదీతో ముడిపడిపోయింది. పూర్వం మాంచెస్టరు పత్తి ధర పెరిగితే మన పల్లెలో మగ్గం ఆగేది. చరిత్ర ప్రతీకారం తీర్చుకొన్నదని సంబరపడేవాళ్ళు ఉన్నారు. నాకు సంబరం లేదు. ఆ మగ్గం వెనుక ఉన్నవాడూ ఈ గ్యాలరీలో కూర్చున్నవాడూ ఒకే కులం, శ్రామిక కులం.

ఇక "మన" దగ్గరకు వస్తాను. తెలుగు వ్యాకరణంలో షష్ఠీ విభక్తి ప్రత్యయాలు బడిలో వల్లె వేసినవారికి గుర్తుండే ఉంటాయి: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు, అర్థం అడిగితే తెల్లముఖం వేసేవారు. నేను వారికి ఒక చిన్న ప్రశ్న వేసేవాణ్ణి. సంబంధాన్ని చెప్పే "యొక్క"నూ, ఉనికిని చెప్పే "లోపలన్"నూ పెద్దలు ఒకే గూటిలో ఎందుకు పెట్టారు? శాస్త్రకారుల కారణాలు వేరే ఉన్నాయి. బడిపంతులుగా నాకు తోచిన సమాధానం, దేని లోపల నీవు ఉంటావో అదే నీ యొక్క వస్తువు. దేనికి నీవు పనికివస్తావో, అంటే ఆ "కున్" ఉన్నదే, అదే నీకు చెందుతుంది. ఈ లెక్కన 2010లో పూనావారు కొన్నది "యొక్క" ఒక్కటే. "లోపలన్" మాత్రం ఈవుడ్ పార్కు గ్యాలరీలో తాత, తండ్రి, మనుమడు వరుసగా కూర్చొనే బల్లల మీదనే ఉండిపోయింది. 2022లో రంజాన్ పండుగనాడు ఆ మైదానపు పచ్చిక మీదనే ఊరి ముస్లిములకు నమాజు చేసుకోనిచ్చారు. ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బులలో అటువంటిది అదే మొదటిసారి. ఆ పూట అక్కడ తల వంచినవారిలో ఎందరి పూర్వులు మన ఉపఖండం నుండి మిల్లు కూలికి పోయినవారో! వారు ఆ ఊరివారైపోయారు. క్లబ్బును "మాది" అనగల హక్కు వారికి వచ్చింది. ఒక్కనాడు ఆ పచ్చికను తొక్కని నాకు, నా విద్యార్థికి రాలేదు. కనుక గర్వమూ మనది కాదు, సిగ్గూ మనది కాదు.

మనం గర్వించదలచుకొంటే వేరే వారున్నారు. మా సికింద్రాబాదు నుండి బొల్లారం పోయే రైలు దారిలో అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషను ఉన్నది. ఆ ఊరిలో తమిళ దంపతులకు పుట్టినవాడు తులసీదాస్ బలరాం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత్ నాలుగవ స్థానం తెచ్చుకొన్నప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీదా కొట్టాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్లకు గురువు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా వృత్తిరీత్యా బడిపంతులే. ఈ సంగతి చెప్పుకొన్నప్పుడు మాత్రం నేను కొంచెం నిటారుగా కూర్చుంటాను. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బొంబాయిలో ఆ కప్పు పేరు కూడా రోవర్స్ కావడం కాకతాళీయం. రహీం 1963లో పోయారు. బలరాం అనారోగ్యం వలన అదే కాలంలో ఆట మానుకొని, బెంగాలులోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. లాంకషైర్‌లో ఓబ్రయన్ కాగితాలు ఆలస్యమై అప్పటికి పదహారు దినాలు. ఆ వార్త నేను విపులంగా చదివాను. ఈ వార్త మన ఊరి పత్రికలో వెదికి పట్టుకోవలసి వచ్చింది.

మన ఊరికీ ఒక క్లబ్బు ఉండేది, ఉండేది అనే అనాలి. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి దేశపు అగ్రశ్రేణి లీగు కిరీటం పెట్టుకొన్నది. కట్టిమణి అనే గోల్‌కీపరు ఆనాడు మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్ళు తిరగకుండా జీతాల బకాయిల వివాదాలు, ఆటగాళ్ళ వలసలు. 2023-24లో ఒక్కటంటే ఒక్క ఆట గెలిచి అట్టడుగున నిలిచింది. 2024లో కొత్త యజమానులు వచ్చారు. 2025 అక్టోబరులో క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు మార్చివేశారు. విజేత అయిన మూడున్నర ఏళ్ళకు ఊరి పేరే చెరిగిపోయింది. ఎవరినైనా అడిగారా? అడగడానికి ఎవరున్నారు? గచ్చిబౌలి మైదానంలో ఖాళీ కుర్చీలను అడుగుతారా? అదే కాలంలో శ్రీనిధి దక్కన్ అనే మరొక నగరపు జట్టు మన దేశపు రెండవ శ్రేణి అయిన ఐ-లీగులో 2022-23లోనూ 2023-24లోనూ రెండవ స్థానంలో నిలిచింది. పైకి పోయేది మొదటి జట్టు ఒక్కటే. రెండవ శ్రేణిలో రెండవ స్థానం, రెండుసార్లు! బ్లాక్‌బర్న్ ఏడవ స్థానానికి ఇది తోబుట్టువు. 2024 ఏప్రిల్ 6న మొహమ్మడన్ స్పోర్టింగ్ ఆ కిరీటాన్ని ఖాయం చేసుకొన్న వారంలోనే రహీం జీవితం మీద తీసిన హిందీ చిత్రం "మైదాన్" విడుదలయింది. సినిమాకు పోయినవారిలో ఎందరు దక్కన్ జట్టు ఆట చూడడానికి పోయారో!

ఇంగ్లండువారు ఈ విషయంలో మేలుకొన్నారు. 2025 జూలైలో వారి పార్లమెంటు ఫుట్‌బాల్ పరిపాలన చట్టం చేసి, స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పరచింది. యజమాని యోగ్యతను పరీక్షించడం, మైదానం మార్పు వంటి మూలవిషయాలలో అభిమానుల మాట వినకుండా యజమాని చిత్తం వచ్చినట్లు చేయకుండా చూడడం దాని పనులలో కొన్ని. జర్మనీలో అయితే క్లబ్బు సభ్యులకు సగానికి మించి ఒక్క వోటైనా ఎక్కువ ఉండి తీరాలన్న నియమం చాలాకాలంగా ఉన్నది. మన దేశంలో ఊరి పేరు పెట్టుకొన్న జట్టును రాత్రికి రాత్రి మరొక ఊరికి మార్చినా అడిగే నాథుడు లేడు. గుడి మాన్యాన్ని అర్చకుడు అమ్ముకోకుండా చట్టం చేసుకొన్న దేశం మనది. క్లబ్బు కూడా అటువంటి మాన్యమే అని ఒప్పుకోవడానికి ఏమి అడ్డం? వ్యాపారం అంటారా, హుండీ లేని గుడి ఎక్కడుంది?

దీనికి ఒక ప్రతివాదం నేనే చెబుతాను. గుడికి భక్తులు ముందు, చట్టం తరువాత. బ్లాక్‌బర్న్ వారు కోడిని వదిలారంటే ఆ రోజు మైదానంలో ఉన్నారు కనుక వదిలారు. మన క్లబ్బు ఢిల్లీ పోయిన రోజు మనం ఏమి వదిలాము? ఒక చీటీ అయినా? ఆ మాట నిజమే. కాని రాని భక్తుల నేరానికి విగ్రహాన్ని ఎత్తుకుపోవచ్చునని ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. ఆరేళ్ళ క్లబ్బుకు నూట యాభై ఏళ్ళ భక్తి ఎక్కడనుండి వస్తుంది? తాత వెంట మనుమడు పోవాలంటే ముందు తాత పుట్టి పెరగాలి కదా. ఆ వ్యవధి మన క్లబ్బులకు ఎవరూ ఇవ్వడం లేదు.

బ్లాగ్మిత్రులలో లాంకషైర్ ప్రాంతాన ఉన్నవారెవరైనా ఉంటే ఒక ఉపకారం చేయండి. బ్లాక్‌బర్న్ ప్రదర్శనశాలలోనో పాత మిల్లుల లెక్కలలోనో ఆ "ధూటీల" అంచుల నమూనాలు ఏవైనా కనబడితే, వాటిలో మన కోస్తా జిల్లాల పేర్లు ఉన్నాయేమో చూసి వ్యాఖ్యలో రాయండి. ఆటకు వెళ్ళే పని పడితే గ్యాలరీలో పక్కన కూర్చున్న ముసలాయన పూనా వారిని తిట్టుకొంటాడు. కోపగించుకోకండి. ఆయన జట్టు పాట పాడితే కలిపి పాడండి.